అమెరికాలో డీవో కళాశాలను ఎంచుకోవడం: రెసిడెన్సీ నుంచి వెనక్కి వేసుకోవాల్సిన లెక్క

అమెరికాలోని తెలుగు ఇళ్లలో పిల్లలు వైద్యవిద్యకు దరఖాస్తులు పెట్టే ఏడాది ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "ఎం.డి. కాకుండా ఈ డీవో ఏమిటి, ఎముకలు సర్దే వైద్యమా, ఫిజియోథెరపీ లాంటిదా?" అలా అడగడంలో ఆశ్చర్యమేమీ లేదు. మన దగ్గర ఎం.డి. అంటే ఎంబీబీఎస్ అయ్యాక చేసే పీజీ. అమెరికాలో ఎం.డి. అంటే వైద్యంలో మొదటి డిగ్రీయే, మన ఎంబీబీఎస్ ఉన్న చోట అక్కడ అది ఉంటుంది. డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్ అనే డీవో కూడా దాని పక్కనే నిలిచే మరో మొదటి డిగ్రీ. నాలుగేళ్ల కాలేజీ డిగ్రీ, ఆపైన నాలుగేళ్ల వైద్యవిద్య, ఆ తరువాత మనం పీజీ అని పిలిచే రెసిడెన్సీ అన్న వరుస రెండు దారులకూ ఒకటే. మందులు రాయడానికీ, శస్త్రచికిత్స చేయడానికీ, ఏ విభాగంలోనైనా నిపుణులు కావడానికీ 50 రాష్ట్రాల్లోనూ డీవోలకు ఎం.డి.లతో సమానంగా హక్కు ఉంది.

బ్రిటన్‌లోనూ మరికొన్ని దేశాల్లోనూ ఆస్టియోపాత్ అని పిలిచేది చేతులతో కండరాలకూ కీళ్లకూ చికిత్స చేసేవారిని మాత్రమే; వారు వైద్యులు కారు, మందులు రాయరు. పేరు ఒకటే కావడం వల్ల అమెరికన్ డీవో కూడా ఆ కోవకే చెందుతాడని చాలామంది పొరబడతారు. ఈ విద్యకు మూలపురుషుడైన ఆండ్రూ టేలర్ స్టిల్ 1874లో తన సిద్ధాంతాన్ని ప్రకటించి, 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్ అనే చిన్న ఊరిలో మొదటి కళాశాల పెట్టినప్పుడు అది నాటి వైద్యానికి ఎదురు నిలిచిన దారే. ఇరవయ్యో శతాబ్దం గడిచేకొద్దీ పాఠ్యక్రమం ఎం.డి. చదువుకు దగ్గరవుతూ వచ్చింది, రాష్ట్రాలు ఒక్కొక్కటిగా పూర్తి లైసెన్సు ఇస్తూ వచ్చాయి, 1973లో మిసిసిపీతో ఆ వరుస పూర్తయింది. మధ్యలో 1962లో కాలిఫోర్నియాలో ఒక వింత జరిగింది. అక్కడి డీవోలకు 65 డాలర్ల రుసుము కట్టించుకుని ఎం.డి. పట్టా చేతికిచ్చారు. చదువులో అంత తేడా ఉండి ఉంటే 65 డాలర్లతో తీరేది కాదని డీవోలు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. అమెరికా అధ్యక్షుల వైద్యులుగా వరుసగా పనిచేసిన షాన్ కాన్లీ, కెవిన్ ఓకానర్, షాన్ బార్బబెల్లా ముగ్గురూ డీవోలే.

కాబట్టి డీవో అయితే డాక్టరు అవుతాడా అన్న అనుమానం అక్కర్లేదు. ఏ డీవో కళాశాల అన్నదే అసలు ప్రశ్న, ఎందుకంటే ఈ కళాశాలల మధ్య తేడాలు ఎం.డి. కళాశాలల మధ్య ఉన్న తేడాల కంటే ఎక్కువ. ఆ తేడాలు మొదటి రోజున, అందమైన భవనమూ తెల్లకోటు వేడుకా చూస్తున్నప్పుడు, కనిపించవు. మూడో ఏట రోగుల దగ్గరికి వెళ్లాల్సి వచ్చినప్పుడూ, నాలుగో ఏట రెసిడెన్సీకి దరఖాస్తు పెట్టినప్పుడూ బయటపడతాయి. అందుచేత ఎంపికను చివరి మెట్టు నుంచి మొదలుపెట్టి వెనక్కి రావడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

రెండు అదనపు బరువులు

డీవో విద్యార్థి ఎం.డి. విద్యార్థి చదివేదంతా చదువుతూ, దానిపైన రెండు బరువులు మోస్తాడు. మొదటిది ఓఎంఎం అని పిలిచే చేతి చికిత్సా పద్ధతి. మొదటి రెండేళ్లలో వారానికి కొన్ని గంటల చొప్పున, మొత్తం మీద సుమారు 200 గంటలు, సాటి విద్యార్థుల వెన్నుముకల మీద, మెడల మీద, పక్కటెముకల మీద సాధన చేయాలి. నడుము నొప్పి వంటి వాటిలో ఇది నిజంగా పనికొచ్చే విద్య. పుర్రె ఎముకల కదలికలను చేతితో పట్టుకోవచ్చనే పాఠాలకు మాత్రం ఆధారాలు బలహీనమని చాలామంది డీవోలే ఒప్పుకుంటారు. ఏది ఏమైనా పరీక్షలో వస్తుంది కాబట్టి నేర్చుకోక తప్పదు. చేతితో రోగిని తాకి పరీక్షించడం ఇష్టం లేనివారు ఈ దారికి రాకపోవడమే మేలు.

రెండో బరువు పరీక్షలు. డీవో పట్టాకూ లైసెన్సుకూ కోమ్లెక్స్ అనే మూడు అంచెల పరీక్ష తప్పనిసరి: లెవెల్ 1 రెండో ఏడాది చివర, లెవెల్ 2 మూడో ఏడాది తరువాత, లెవెల్ 3 రెసిడెన్సీలో చేరాక. ఎం.డి.లు రాసే యూఎస్ఎంఎల్ఈ డీవోలకు తప్పనిసరి కాదు, కానీ రాసే వీలుంది. రాయాలా వద్దా అన్నది ప్రతి డీవో విద్యార్థికీ రెండో ఏడాదిలో నిద్ర పట్టనివ్వని ప్రశ్న. దీని సంగతి రెసిడెన్సీ దగ్గర వివరంగా చూద్దాం. కళాశాలను ఎంచుకునే దశలో అడగాల్సింది ఒక్కటే: ఈ కళాశాల యూఎస్ఎంఎల్ఈ రాయాలనుకునే వారికి చదువుకునే సమయం ఇస్తుందా, లేక తరగతులకు హాజరు తప్పనిసరి చేసి పరీక్షకు నాలుగు వారాల ముందు దాకా ఊపిరి ఆడనివ్వదా?

గుర్తింపూ ఖర్చూ

ఎం.డి. కళాశాలలకు ఎల్‌సీఎంఈ గుర్తింపు ఇస్తే, డీవో కళాశాలలకు కోకా అనే సంస్థ ఇస్తుంది. ఇప్పుడు 40కి పైగా డీవో కళాశాలలు ఉన్నాయి. వాటిలో చాలావాటికి వేరు వేరు ఊళ్లలో శాఖలున్నాయి. అమెరికాలో వైద్యం చదివేవారిలో నలుగురిలో ఒకరికి పైగా డీవో విద్యార్థులే. ఈ పెరుగుదలలో కొంత భాగం గత పది పదిహేనేళ్లలో పుట్టుకొచ్చిన కొత్త ప్రైవేటు కళాశాలలది. కొత్త కళాశాలకు ముందు ప్రాథమిక స్థాయి గుర్తింపే వస్తుంది. మొదటి బ్యాచ్ పట్టా పుచ్చుకునే సమయానికి గానీ పూర్తి గుర్తింపు రాదు. అలాంటి చోట చేరడం తప్పని అనను, కానీ మొదటి రెండు మూడు బ్యాచ్‌లు ప్రయోగశాలలో ఉన్నట్టే. పూర్వ విద్యార్థులుండరు, చూడటానికి మ్యాచ్ (రెసిడెన్సీ సీట్లు కేటాయించే పద్ధతి) ఫలితాలుండవు, రొటేషన్లకు, అంటే ఒక్కో విభాగంలో కొన్ని వారాల చొప్పున రోగుల దగ్గర పొందే శిక్షణకు, ఆసుపత్రులతో ఒప్పందాలు ఇంకా తడిసిన సిరాతోనే ఉంటాయి. పాత కళాశాలలో సీటు వచ్చి ఉంటే కొత్తదానికి పోవడానికి ట్యూషన్‌లో పెద్ద రాయితీ కంటే చిన్న కారణం చాలదు.

ప్రభుత్వ డీవో కళాశాలలు వేళ్ల మీద లెక్కించదగినన్నే. మిషిగన్ స్టేట్, ఒహాయో విశ్వవిద్యాలయపు హెరిటేజ్ కళాశాల, తుల్సాలోని ఓక్లహోమా స్టేట్, న్యూజెర్సీలోని రోవాన్, వెస్ట్ వర్జీనియాలోని ల్యూయిస్‌బర్గ్ కళాశాల, ఫోర్ట్ వర్త్‌లోని టెక్సాస్ కాలేజ్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్, దానికి తోడు టెక్సాస్‌లోనే శామ్ హ్యూస్టన్ స్టేట్ ముఖ్యమైనవి. సొంత రాష్ట్రపు ప్రభుత్వ డీవో కళాశాలలో సీటు వస్తే పెద్దగా ఆలోచించాల్సిన పని ఉండదు. ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబానికి ఫోర్ట్ వర్త్ కళాశాల ఇంటి నుంచి రోజూ వెళ్లగలిగినంత దూరమే. పైగా టెక్సాస్ ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 90 శాతం సీట్లు ఆ రాష్ట్రవాసులకే. ఎడిసన్‌లో ఉన్నవారికి రోవాన్, డిట్రాయిట్ చుట్టుపక్కల ఉన్నవారికి మిషిగన్ స్టేట్ కూడా అలాగే సొంత రాష్ట్రపు కళాశాలలే.

ప్రైవేటు కళాశాలల్లో ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 60,000 డాలర్ల చుట్టుపక్కల ఉండటం మామూలు. ఇంటి అద్దె, తిండి, పరీక్షల రుసుములు, నాలుగో ఏట ఊళ్లు తిరగడానికయ్యే ఖర్చు కలిపితే నాలుగేళ్లకు మూడు లక్షల డాలర్లు దాటడం కష్టమేమీ కాదు. ఇంతకుముందు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ రుణం ఆ మొత్తాన్నంతా భరించేది కాబట్టి పిల్లలు లెక్క చూసుకోకుండా సంతకం పెట్టేవారు. 2025లో వచ్చిన చట్టం ఆ దారి మూసింది. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే వైద్య విద్యార్థులకు ఫెడరల్ రుణం ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం మీద 2,00,000 డాలర్లు దాటదు. మిగిలింది ప్రైవేటు బ్యాంకు దగ్గర, తల్లిదండ్రుల పూచీకత్తు మీద తేవాలి. ప్రైవేటు అప్పుకు ప్రజాసేవా రుణమాఫీ వర్తించదు. ఆ మాఫీ పథకం కింద లాభాపేక్ష లేని ఆసుపత్రిలోనో ప్రభుత్వ ఆసుపత్రిలోనో పనిచేస్తూ 120 నెలసరి వాయిదాలు కట్టినవారికి మిగిలిన ఫెడరల్ అప్పు రద్దవుతుంది, రెసిడెన్సీ సంవత్సరాలు కూడా అందులో లెక్కకు వస్తాయి. కాబట్టి రెండు కళాశాలలను పోల్చేటప్పుడు ఏడాది ఫీజును కాకుండా, ఫెడరల్ పరిమితి పోగా ప్రైవేటు బ్యాంకు దగ్గర ఎంత తేవాల్సి వస్తుందన్నది కాగితం మీద వేసి చూడాలి.

మూడో ఏడాది ఎక్కడ గడుస్తుంది

ఎంపిక మొత్తంలో ఎక్కువ సమయం వెచ్చించాల్సింది ఇక్కడే, కానీ దరఖాస్తుదారులు తక్కువగా అడిగేదీ దీని గురించే. పాత ఎం.డి. కళాశాలలకు సాధారణంగా పక్కనే సొంత బోధనాసుపత్రి ఉంటుంది. మన ఉస్మానియా, గాంధీ, కింగ్ జార్జ్ ఆసుపత్రుల్లాగా విద్యార్థి అక్కడే వార్డుల్లో తిరుగుతాడు. డీవో కళాశాలల్లో చాలావాటికి అలాంటి ఆసుపత్రి లేదు. మూడో ఏడాదికి విద్యార్థులను రాష్ట్రమంతటా, ఒక్కోసారి పక్క రాష్ట్రాల దాకా, చిన్న చిన్న ఆసుపత్రులకూ క్లినిక్‌లకూ పంచుతారు. ఈ ఏర్పాటులో మంచి కూడా ఉంది. పెద్ద ఆసుపత్రిలో రెసిడెంట్ల వెనక నాలుగో వరుసలో నిలబడే విద్యార్థికి దొరకని అవకాశం చిన్న ఊరి ఆసుపత్రిలో దొరుకుతుంది: కాన్పులో చేయి పెట్టడం, ఆపరేషన్‌లో మొదటి సహాయకుడిగా నిలబడటం. మరో చోట అదే రొటేషన్ ఒక వైద్యుడి క్లినిక్‌లో మూలన కుర్చీ వేసుకుని నాలుగు వారాలు చూస్తూ కూర్చోవడంతో గడిచిపోతుంది.

రెసిడెన్సీ ఇంటర్వ్యూలో అడిగేది, సిఫారసు లేఖల్లో రాసేది ఈ ఏడాదిలో చేసిన పనే. అందుచేత కళాశాల ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు మొహమాటపడకుండా కొన్ని విషయాలు రాబట్టాలి. మెడిసిన్, సర్జరీ రొటేషన్లు ఇన్‌పేషెంట్ వార్డుల్లో, రెసిడెంట్లున్న చోట జరుగుతాయా? స్థానాలను లాటరీ వేసి ఇస్తారా, మార్కులను బట్టా, కోరుకున్న వరుసనా? మధ్యలో ఏదైనా ఆసుపత్రి ఒప్పందం తప్పుకుంటే విద్యార్థి తనంతట తాను వేరే వైద్యుణ్ణి వెతుక్కోవాలా, కళాశాలే చూపిస్తుందా? ప్రతి రెండు నెలలకూ ఊరు మారాలా, ఒకే ఊరిలో ఏడాదంతా ఉండవచ్చా? అడ్మిషన్ల కార్యాలయం వారు వీటికి మర్యాదగా గుండ్రటి జవాబులు చెబుతారు. మూడో ఏడాది, నాలుగో ఏడాది విద్యార్థుల్లో ఇద్దరు ముగ్గుర్ని వేరుగా పట్టుకుని అడిగితే గాని అసలు సంగతి తెలియదు. తెలుగు పిల్లలు ప్రతి కళాశాలలోనూ ఉంటారు. ఎవరి అక్కో బావో దొరుకుతారు, ఆ చుట్టరికాన్ని ఇక్కడ వాడుకోవడంలో తప్పు లేదు.

మ్యాచ్ జాబితాను చదవడం

కోకా నిబంధనల ప్రకారం ప్రతి కళాశాల తన విద్యార్థుల కోమ్లెక్స్ ఫలితాలనూ, రెసిడెన్సీలో చేరినవారి శాతాన్నీ బహిరంగంగా ప్రకటించాలి. మొదటి ప్రయత్నంలోనే లెవెల్ 1 గట్టెక్కినవారి శాతాన్ని ఒక ఏడాదికి కాకుండా మూడు నాలుగేళ్లకు చూడాలి. దానితోపాటు ఎంతమంది చేరారు, నాలుగేళ్లలో ఎంతమంది పూర్తి చేశారు అన్న రెండు అంకెల తేడాను కూడా చూడాలి. వెనకబడిన విద్యార్థిని పరీక్షకే కూర్చోనివ్వకుండా ఏడాది ఆపేస్తే ఉత్తీర్ణత శాతం అందంగానే కనిపిస్తుంది.

"99 శాతం ప్లేస్‌మెంట్" అని పెద్ద అక్షరాల్లో రాసుకునే చోట ఆ లెక్క దేనిదో గమనించాలి. అసలు మ్యాచ్‌లో సీటు వచ్చినవారితోపాటు, అక్కడ సీటు రాకపోవడంతో మిగిలిపోయిన సీట్లలో సర్దుకున్నవారూ, ఒక్క ఏడాది ప్రిలిమినరీ సీటు మాత్రమే దొరికినవారూ అందులో కలిసిపోయి ఉంటారు. క్యాటగారికల్ అంటే నిపుణత పూర్తయ్యే దాకా ఉండే సీటు. ప్రిలిమినరీ లేదా ట్రాన్సిషనల్ అంటే ఒక ఏడాదికే. రేడియాలజీకీ, అనస్తీషియాకీ, డెర్మటాలజీకీ వెళ్లేవారికి ముందు ఒక ప్రిలిమినరీ ఏడాది అవసరం కావచ్చు, అది సహజం. కానీ ఒక కళాశాల జాబితాలో ప్రిలిమినరీ సర్జరీ అని తరువాతి సీటు ఏదీ లేకుండా చాలా పేర్లు కనిపిస్తే, వారిలో ఎక్కువమంది మరుసటి ఏడాది మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాల్సినవారే. జాబితాలో డెర్మటాలజీ ఒకటి, న్యూరోసర్జరీ ఒకటి ఉన్నాయని మురిసిపోవడం కూడా తొందరపాటే. ఆ ఒక్కరు అసాధారణ విద్యార్థి కావచ్చు. మన అబ్బాయి కోరుకునే విభాగంలో, మనం ఉండాలనుకునే ప్రాంతంలో, వరుసగా ప్రతి ఏడాదీ నలుగురైదుగురు వెళుతున్నారా అన్నదే నమ్మదగిన కొలత.

దరఖాస్తు

డీవో కళాశాలలకు ఏకోమాస్ అనే ఉమ్మడి దరఖాస్తు ఉంటుంది; మే నెలలో తెరుచుకుంటుంది. టెక్సాస్ ప్రభుత్వ కళాశాలలకు మాత్రం టీఎండీఎస్ఏఎస్ అని వేరే ఉంది. చాలా కళాశాలలు దరఖాస్తులు వచ్చిన వరుసలోనే చూసి సీట్లు ఇచ్చేస్తాయి కాబట్టి జూన్‌లో పంపినదానికీ అక్టోబరులో పంపినదానికీ మధ్య తేడా కొన్నిసార్లు వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష అయిన ఎంక్యాట్‌లో రెండు మార్కుల తేడా కంటే ఎక్కువ. డీవోలో చేరేవారి ఎంక్యాట్ సగటు 504 దగ్గర, ఎం.డి.లో 511 పైన ఉంటుంది. కొన్ని కళాశాలలు ఒక డీవో వైద్యుడి సిఫారసు లేఖ తప్పనిసరి అంటాయి; అంటే ముందు ఏడాదే ఒక డీవో దగ్గర కొన్ని వారాలు తిరిగి ఉండాలి. ఎం.డి. రాకపోతే డీవో అన్న ఆలోచన ఉన్నవారు ఇక్కడే దొరికిపోతారు. పాత పుస్తకాలు, పాత సలహాలు చెప్పే గ్రేడ్ రీప్లేస్‌మెంట్ సదుపాయం 2017లోనే తీసేశారు. తప్పిన సబ్జెక్టును మళ్లీ చదివినా పాత మార్కు కూడా సగటులో కలుస్తుంది.

మన కుటుంబాల్లో కొన్నిటికి ఇంకో చిక్కు ఉంది. తల్లిదండ్రుల ఉద్యోగ వీసా ఆధారంగా వచ్చే హెచ్-4 వీసా మీద పెరిగిన పిల్లలకు 21 నిండగానే ఆ వీసా చెల్లదు, గ్రీన్‌కార్డు వరుస కదలకపోతే విద్యార్థి వీసా అయిన ఎఫ్-1కి మారాలి. చాలా డీవో కళాశాలలు పౌరులనూ గ్రీన్‌కార్డు ఉన్నవారినీ మాత్రమే తీసుకుంటాయి. తీసుకునేవాటిలో కొన్ని రెండు మూడేళ్ల ఖర్చుకు సరిపడా డబ్బు ముందే చూపమంటాయి. ఫెడరల్ రుణం వీరికి దొరకదు. దరఖాస్తు రుసుములు కట్టే ముందే ప్రతి కళాశాలకూ ఉత్తరం రాసి వీసా పరిస్థితి చెప్పి లిఖితపూర్వకంగా జవాబు తీసుకోవాలి.

కరీబియన్ దీవుల కళాశాలలకో, ఆంధ్ర, తెలంగాణల్లోని ప్రైవేటు కళాశాలల ఎన్ఆర్ఐ కోటా సీటుకో పిల్లల్ని పంపాలా, డీవోలో చేర్చాలా అని ఊగిసలాడే తల్లిదండ్రులకు 2024 మ్యాచ్ లెక్కలు చాలు. ఆ ఏడాది మొదటి సంవత్సరపు రెసిడెన్సీ సీటు దొరికినవారు అమెరికా ఎం.డి. చివరి ఏడాది విద్యార్థుల్లో 93.5 శాతం, డీవోల్లో 92.3 శాతం. విదేశాల్లో వైద్యం చదివిన అమెరికా పౌరుల్లో 67 శాతం, విదేశాల్లో చదివిన విదేశీయుల్లో 58.5 శాతం. అమెరికాలోనే వైద్యుడిగా స్థిరపడాలన్నది నిశ్చయమైతే, డీవో సీటు చేతిలో ఉండగా దాన్ని వదిలి విదేశం వెళ్లడానికి నాకు ఒక్క కారణమూ కనిపించదు. తిరిగి హైదరాబాదుకో విజయవాడకో వచ్చి ప్రాక్టీసు పెట్టాలన్న ఆలోచన ఉన్నవారు మాత్రం డీవో పట్టాను గురించిన నిబంధనలను జాతీయ వైద్య కమిషన్ దగ్గర చేరకముందే తేల్చుకోవాలి.

రెసిడెన్సీ దారులు

ఒకప్పుడు డీవోలకు వేరే రెసిడెన్సీలు, వేరే మ్యాచ్ ఉండేవి. 2015లో మొదలై 2020 జూన్ 30తో ముగిసిన విలీనం వల్ల ఇప్పుడు అన్ని రెసిడెన్సీలూ ఏసీజీఎంఈ అనే ఒకే గొడుగు కిందికి వచ్చాయి, ఎం.డి.లూ డీవోలూ ఒకే మ్యాచ్‌లో పోటీపడతారు. దీనివల్ల మేలూ కీడూ రెండూ జరిగాయి. తలుపులన్నీ తెరుచుకున్నాయి, కానీ ఆర్థోపెడిక్స్, ఈఎన్‌టీ వంటి విభాగాల్లో డీవోలకు మాత్రమే ఉంటూ వచ్చిన సీట్లకు ఇప్పుడు ఎం.డి.లూ దరఖాస్తు పెడుతున్నారు. మిషిగన్, ఒహాయో, పెన్సిల్వేనియా వంటి రాష్ట్రాల్లో పూర్వం ఆస్టియోపతిక్ ఆసుపత్రులుగా ఉన్నచోట్ల ఆ పాత చుట్టరికం ఇంకా మిగిలే ఉంది. శస్త్రచికిత్సా విభాగాలు కోరుకునే డీవో విద్యార్థి ఆ ఆసుపత్రుల పేర్లను రెండో ఏట నుంచే తెలుసుకుని పెట్టుకోవాలి.

కాలవ్యవధి విషయానికి వస్తే ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్, పిల్లల వైద్యం మూడేళ్లు; సైకియాట్రీ, అనస్తీషియా, న్యూరాలజీ, ప్రసూతి వైద్యం నాలుగేళ్లు; జనరల్ సర్జరీ, ఆర్థోపెడిక్స్ అయిదేళ్లు; న్యూరోసర్జరీ ఏడేళ్లు. గుండె వైద్యుడో పేగుల వైద్యుడో కావాలంటే ఇంటర్నల్ మెడిసిన్ అయ్యాక మరో మూడేళ్ల ఫెలోషిప్ చేయాలి. ఇది చాలామంది తల్లిదండ్రులు పట్టించుకోని మార్గం. డీవో విద్యార్థికి పేరున్న విశ్వవిద్యాలయంలో డెర్మటాలజీ దొరకడం కష్టం కావచ్చు. మంచి ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ నుంచి కార్డియాలజీకి వెళ్లడం మాత్రం ఎంతోమంది చేస్తున్న పనే. అయితే ఆ రెసిడెన్సీ జరిగే ఆసుపత్రిలోనే కార్డియాలజీ ఫెలోషిప్ ఉందా అన్నది ముందు చూసుకోవాలి. ఉంటే సొంత ఇంటి పిల్లవాడికి వారు మొగ్గు చూపడం మామూలు.

ఇక పరీక్షల సంగతి. 2022 నుంచి యూఎస్ఎంఎల్ఈ స్టెప్ 1, కోమ్లెక్స్ లెవెల్ 1 రెండూ ఉత్తీర్ణత మాత్రమే చూపుతాయి, మార్కులు చూపవు. దాంతో పోటీ అంతా రెండో అంచె పరీక్ష మీదికి మళ్లింది. ఫ్యామిలీ మెడిసిన్, పిల్లల వైద్యం, సైకియాట్రీ, సాముదాయిక ఆసుపత్రుల్లోని ఇంటర్నల్ మెడిసిన్ కోరుకునేవారికి చాలాచోట్ల కోమ్లెక్స్ ఒక్కటే సరిపోతుంది. విశ్వవిద్యాలయ ఆసుపత్రులు, శస్త్రచికిత్సా విభాగాలు, రేడియాలజీ, అనస్తీషియా కోరుకునేవారు యూఎస్ఎంఎల్ఈ స్టెప్ 2 కూడా రాయడం మంచిది, ఎం.డి.ల పక్కన పెట్టి చూసుకోవడానికి ప్రోగ్రామ్ డైరెక్టర్లకు అలవాటైన అంకె అదే. ఏ విభాగమో ఇంకా తేల్చుకోని విద్యార్థి లెవెల్ 1 చదువు వేడిగా ఉండగానే స్టెప్ 1 కూడా రాసేస్తే తరువాత దారులు మూసుకుపోవు. కానీ సాధన పరీక్షల్లో మార్కులు అంతంతమాత్రంగా వస్తున్నప్పుడు పంతానికి పోయి రాయకూడదు. రాయనిదాన్ని ఎవరూ అడగకపోవచ్చు గాని, తప్పినది రికార్డులో శాశ్వతంగా ఉంటుంది.

నాలుగో ఏట జూలై నుంచి అక్టోబరు దాకా, తాను చేరాలనుకునే ఆసుపత్రిలోనే నాలుగు వారాల రొటేషన్ చేయడాన్ని ఆడిషన్ అంటారు. సొంత ఆసుపత్రి లేని డీవో విద్యార్థికి ఇది ఎం.డి. విద్యార్థి కంటే ఎంతో ఎక్కువ అవసరం, ఎందుకంటే ఆ నాలుగు వారాల్లో అతని పని చూసినవారే తరువాత ర్యాంకు జాబితా రాస్తారు. కళాశాల ఎన్ని ఆడిషన్లకు అనుమతిస్తుందో, వాటికి వరుసగా సమయం వదులుతుందో లేదో అన్న ప్రశ్నను కూడా చేరేముందే అడగాలని పైన రాయడం మరిచాను, ఇక్కడ చేర్చుతున్నాను. చాలా విభాగాలకు సెప్టెంబరులో ఈరాస్ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారా దరఖాస్తులు వెళతాయి. దానిలో సిగ్నల్ అనే ఏర్పాటు ఉంది: ఫలానా ప్రోగ్రామ్ మీద నాకు నిజంగా ఆసక్తి ఉందని చెప్పడానికి విభాగాన్ని బట్టి కొన్ని సిగ్నళ్లు ఇస్తారు, ఆర్థోపెడిక్స్‌లో 30. వాటిని డీవోలను ఏనాడూ తీసుకోని ప్రోగ్రాములకు పంపితే దండగ. చాలా ప్రోగ్రాముల ఇప్పటి రెసిడెంట్ల పేర్లనూ పట్టాలనూ ఆసుపత్రి వారే ప్రకటిస్తారు. అక్కడ డీవోలు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడానికి పది నిమిషాలు పట్టదు. ఆస్టియోపతిక్ రికగ్నిషన్ అనే గుర్తింపు ఉన్న ప్రోగ్రాములు డీవోల చేతి చికిత్సను కొనసాగించే వీలిస్తాయి. అలాంటిచోట డీవో అన్న మాటకు వివరణ ఇచ్చుకోవాల్సిన పని ఉండదు. కంటి వైద్యానికీ, యూరాలజీకీ మ్యాచ్ వేరుగా, మిగతావాటి కంటే ముందే జరుగుతుందని ఆ విభాగాలు కోరుకునేవారు గుర్తుంచుకోవాలి.

మన నీట్ కౌన్సెలింగ్‌లో ర్యాంకు ఉన్నవాడు సీటు ఎంచుకుంటాడు. అమెరికా మ్యాచ్‌లో విద్యార్థి ప్రోగ్రాములకూ, ప్రోగ్రాములు విద్యార్థులకూ విడివిడిగా వరుస సంఖ్యలు ఇస్తారు, రెండింటినీ కంప్యూటర్ కలుపుతుంది. ఈ లెక్క విద్యార్థి కోరికల వైపు నుంచి మొదలవుతుంది. దీన్ని తీర్చిదిద్దిన ఆల్విన్ రాత్‌కు 2012లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అందువల్ల "అక్కడ మనల్ని తీసుకోరేమో, కాబట్టి రెండో చోటుని మొదట పెడదాం" అనే లౌక్యం ఇక్కడ పనికిరాదు. మొదట పెట్టిన చోట దొరకకపోయినా రెండో చోట అవకాశం ఏమాత్రం తగ్గదు. మనసులో ఉన్న వరుసనే జాబితాలో పెట్టాలి, చేరడానికి ఇష్టం లేని ప్రోగ్రామ్‌ను చివరన కూడా పెట్టకూడదు, ఎందుకంటే వచ్చిన సీటు ఒప్పందంతో సమానం.

మార్చిలో మ్యాచ్ వారం సోమవారం నాడు సీటు వచ్చిందా లేదా అన్నది మాత్రమే తెలుస్తుంది, ఎక్కడన్నది శుక్రవారం తెలుస్తుంది. రానివారు ఆ సోమవారమే మిగిలిన సీట్లకు సోప్ అనే పద్ధతిలో 45 ప్రోగ్రాముల దాకా దరఖాస్తు పెట్టాలి. గురువారం నాడు విడతల వారీగా పిలుపులు వస్తాయి, ఒక్కో పిలుపుకు జవాబు చెప్పడానికి రెండు గంటలే గడువు. ఈ నాలుగు రోజుల్లో విద్యార్థి పక్కన కూర్చుని ఫోన్లు చేసేవారు, లేఖలు మార్చి రాసేవారు కళాశాలలో ఉన్నారా, లేక ఒక సాధారణ ఈమెయిల్ పంపి ఊరుకుంటారా అన్నది నాలుగేళ్ల క్రితం, ఇంటర్వ్యూ రోజున, పై తరగతి విద్యార్థిని అడిగి తెలుసుకోదగిన ప్రశ్నే.